కొండకా, ఓటుకా?

కార్మిక శాఖలో ఉద్యోగం అంటే మా బంధువుల్లో చాలామందికి ఇప్పటికీ సరిగ్గా అర్థం కాదు. మా పెద్దాడపడుచు నేను రిటైరయ్యేదాకా, "మా మరదలు కూలీలకి కార్డులిచ్చే ఆఫీసులో చేస్తుంది" అని అందరికీ చెప్పుకునేది. నేనూ సరిదిద్దలేదు. పోలీసులకున్న లాఠీ మాకు లేదు. రెవెన్యూ వాళ్లకున్న జీపు లేదు. సహాయ కార్మిక అధికారి అని తలుపు మీద పెద్ద అక్షరాల బోర్డు ఉండేది గానీ, ఆ తలుపు వెనక నేను కూర్చునే కుర్చీకి ఒక చెయ్యి ఊడిపోయి ఉండేది.

ఈమధ్య మా శాఖలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి మా ఇంటికొచ్చి, "మేడమ్, నోటీసులివ్వడం తప్ప మన చేతిలో ఏముందండీ?" అని నీరసంగా అడిగింది. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పాను. వింటూ వింటూ కాఫీ చల్లారబెట్టుకుంది. చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. అందులో కొందరు ఇప్పుడు లేరు, ఉన్నవాళ్లు పెద్దవాళ్లయ్యారు.

తొంభైల చివర. పత్తి రైతుకు ఏ మందు కొట్టినా పురుగు చావని రోజులవి. నేను గుంటూరు ఆఫీసులో ఉండేదాన్ని. సత్తెనపల్లి వైపు మిల్లులన్నీ నా కిందే. ఒక ఆదివారం నాడు, ఏదో పెండింగు పనికని ఆఫీసుకు వెళ్తే, వరండాలో అయిదారుగురు ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. నూలు మిల్లు పిల్లలని చూడగానే తెలిసింది. ఎంత దువ్వుకున్నా దూది నుసి జుట్టులోంచి పూర్తిగా పోదు.

అందరికంటే పొడుగ్గా ఉన్న పిల్ల ముందుకొచ్చింది. ఇరవై దాటి ఉంటాయేమో.

"మేడమ్ గారూ, మేం యూనియన్ పెట్టుకున్నామండీ. రిజిస్ట్రేషన్ కూడా అయ్యింది. మిల్లోళ్లు మమ్మల్ని గుర్తించం అంటన్నారు. ఎలచ్చన పెట్టించండి."

"మీ మిల్లులో యూనియన్ ఉందిగా అమ్మాయ్?"

ఆ పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వారు. "ఉందండీ. దాని అధ్యక్షుడే మమ్మల్ని పల్లెల్లోంచి తోలుకొచ్చిన కాంట్రాక్టరు. మా జీతంలో కమీషను తినేదీ ఆయనే, మా తరఫున ఓనరుతో పోట్లాడాల్సిందీ ఆయనే. ఆయనకాయనే ఎట్టా పోట్లాడుకుంటాడో మీరే చెప్పండి."

ఆ మాట చదువుకున్నవాళ్లు చెప్పాలంటే పది పేజీల నివేదిక రాస్తారు. మిగతాది ఒక్కొక్కరే చెప్పారు. చాలామందిని మిల్లు పక్కనే ఉన్న హాస్టల్లో పెడతారు. గేటుకు తాళం వేస్తారు. ఎన్నేళ్లు చేసినా 'శిక్షణలో ఉన్నవాళ్లు' అంటారు. శిక్షణలో ఉన్నవాళ్లకు పూర్తి జీతం ఉండదు, సెలవుండదు, వెళ్లిపొమ్మంటే అడిగే హక్కుండదు.

గుర్తింపు సంఘం ఎన్నికంటే ఏమిటో తెలియని వాళ్లకు ఒక్కమాటలో చెబుతాను. ఒక మిల్లులో రెండు సంఘాలున్నప్పుడు, యజమాని ఎవరితో మాట్లాడాలో తేల్చడానికి కార్మికుల చేత రహస్యంగా ఓటు వేయిస్తాం. గెలిచిన సంఘంతో యజమాని కూర్చుని మాట్లాడక తప్పదు. అంతే. కానీ ఆ కూర్చోవడం దగ్గరే లోకమంతా ఆగిపోయి ఉంటుంది.

అర్జీ తీసుకుని మా పెద్దసారు దగ్గరికి వెళ్లాను. పెద్దసారంటే మా ఉప కమిషనరు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. బీపీ మాత్రలు జేబులోనే ఉండేవి. రాతపూర్వకంగా లేనిది ఏదీ ఆయన దృష్టిలో ఈ లోకంలో లేనట్టే. అటెండరుకు టీ చెప్పడానికి కూడా చీటీ రాస్తారని మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. ఆయన అర్జీ రెండుసార్లు చదివి, "శిక్షణలో ఉన్న పిల్లలకు ఓటుండదంటాడమ్మా యజమాని. అది ముందు తేల్చు. తేల్చి నాకు రాసివ్వు," అన్నారు.

తేల్చడానికి మిల్లుకు వెళ్లాను. యజమాని స్వయంగా గేటు దాకా ఎదురొచ్చాడు. తెల్లచొక్కా, చేతులు జోడించి మాట్లాడే తీరు. చిన్న పత్తి వ్యాపారంతో మొదలుపెట్టి మిల్లు దాకా ఎదిగిన మనిషి. గుడికి గోపురం కట్టించాడు, బడికి గదులు కట్టించాడు. ఆ ఊళ్లో ఆయనంటే గౌరవం ఉండేది, అది ఉత్తిగా వచ్చిందీ కాదు.

"మేడమ్ గారూ, పల్లెటూరి పిల్లలు. పని నేర్పి పంపుతున్నాం. పుణ్యం అనుకోండి. వీళ్లకు ఓట్లేంటండీ?" అన్నాడు.

లోపల నూలు వడికే రింగ్ ఫ్రేములు వరసలు వరసలుగా తిరుగుతున్నాయి. ఆ మోతలో మనిషి మాట మనిషికి వినిపించదు. పిల్లలు వరసల మధ్య అటూ ఇటూ నడుస్తూ తెగిన పోగును తెగిన వెంటనే అతికిస్తున్నారు. పక్కనే ఉన్న పర్సనెల్ మేనేజరును చెవి దగ్గర అరిచి అడిగాను: "వీళ్లకు నేర్పే మాస్టరెవరండీ?"

ఆయన కాస్త తడబడి, దూరంగా కండెలు మారుస్తున్న ఒకావిణ్ని పిలిచాడు. నలభై ఏళ్లుంటాయి.

"నువ్వేనా అమ్మా, వీళ్లకి పని నేర్పేది?"

"అవునండీ."

"ఎన్నాళ్ల నుంచి చేస్తున్నావు?"

"మిల్లు పెట్టిన కాణ్ణుంచీ ఉన్నానండీ."

"అయితే నువ్వు పర్మనెంటా?"

ఆవిడ మేనేజరు వంక చూసి, తల దించుకుని, "ట్రైనీనండీ," అంది.

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. "సరే, శిక్షణలో ఉన్నవాళ్లందరూ ఒక్కసారి ఇటు పక్కకు వచ్చి నిలబడండి. ఎంతమందో చూసుకుంటాను," అన్నాను. ఆ మాట వరసలో ఒకరి నుంచి ఒకరికి వెళ్లింది. పిల్లలు యంత్రాలు వదిలేసి గోడవారకు రావడం మొదలుపెట్టారు. అలా వస్తూనే ఉన్నారు. తెగిన పోగులు తెగినట్టే ఉండిపోయాయి. దూది ఉండలు కట్టి నేలమీద దొర్లింది. సూపర్‌వైజరు నెత్తి మీద చేతులు పెట్టుకుని ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకు పరిగెత్తాడు. చివరికి ఆయనే ఒక్కొక్క యంత్రం ఆపుకుంటూ పోయాడు. ఆ పెద్ద హాల్లో మోత తగ్గి తగ్గి, పూర్తిగా ఆగిపోయింది. గోడవార నిలబడ్డ పిల్లల దగ్గు వినిపించింది.

"వీళ్లంతా నేర్చుకునేవాళ్లయితే, మిల్లు నడుపుతున్నదెవరండీ?" అని యజమానిని అడిగాను.

నేను ఆఫీసుకొచ్చి వాళ్లందరికీ ఓటుందని రాశాను. పెద్దసారు మాత్ర వేసుకుని, సంతకం పెట్టారు.

అక్కణ్ణుంచి మొదలైంది అసలు గొడవ.

మొదట మా ఇంటికి ఒక మిరపకాయల బస్తా వచ్చింది. ఎవరు పంపారో చెప్పకుండా రిక్షావాడు గుమ్మంలో దించి వెళ్లబోతుంటే ఆపి కనుక్కున్నాను. మిల్లువాళ్ల గుంటూరు గోడౌను నుంచే. మేలు రకం కాయ, ఎర్రగా నిగనిగలాడుతోంది. మావారు బడిపంతులు, ఆవకాయ రోజులు దగ్గరపడుతున్నాయి కూడా. ఆయన బస్తా చుట్టూ ఒకసారి తిరిగి, "గుంటూరులో లంచం కూడా ఘాటుగానే ఉంటుందే," అన్నారు. మా అటెండరును పిలిపించి అదే రిక్షాలో తిప్పి పంపాను. ఆ బస్తా మీద కూర్చుని వెళ్లిన పాపానికి అతను వారమంతా తుమ్ముతూనే ఉన్నాడు. ఆఫీసుకొచ్చినవాళ్లు ఎందుకని అడిగితే, "మేడమ్ గారి నిజాయితీ అండీ," అని నా వైపు వేలు చూపించేవాడు.

తర్వాత మైకు పెట్టిన ఆటోలు తిరిగాయి. కరపత్రాలు పంచారు. 'యూనియన్ వస్తే మిల్లు మూత. మిల్లు మూతపడితే పత్తి రైతు గతి ఏమిటి?' ఇదీ వాటి సారాంశం. ఊళ్లో కేబుల్ టీవీ వాడు రోజూ సాయంత్రం ఫోన్‌లో మాట్లాడే కార్యక్రమం పెట్టాడు. కాలేజీ లెక్చరరు ఒకాయన హక్కుల గురించి మాట్లాడితే, పత్తి కమీషన్ వ్యాపారి ఒకాయన ఫోన్ చేసి, సంఘాల వల్ల మూతపడిన మిల్లుల కథలు చెప్పేవాడు. టీకొట్ల దగ్గర, సెలూన్లలో, బస్సుల్లో అదే చర్చ. నేను వెళ్లే బస్సులో కండక్టరు, "యూనియన్ లేకపోతే మాకీ యూనిఫారం కుట్టు కూలి కూడా వచ్చేది కాదండీ," అంటే, వెనక సీట్లోంచి ఒక పెద్దమనిషి, "అందుకే గదయ్యా మీ బస్సులు ఎప్పుడొస్తాయో దేవుడికి కూడా తెలియదు," అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నిజం చెప్పాలంటే, సంఘాలంటే జనానికున్న విసుగు ఊరికే పుట్టింది కాదు. సంఘం పేరు చెప్పి బతికిన నాయకుల్ని నేనూ చూశాను. ఈ మిల్లులోనే ఒకడున్నాడు గదా! కానీ చిత్రమేమిటంటే, ఆ కాంట్రాక్టరు అధ్యక్షుడే కేబుల్ టీవీలో కూర్చుని, "సంఘాలు మిల్లుల్ని తినేస్తున్నాయండీ," అని బాధపడ్డాడు.

ఎన్నికకు ముందు ఒక ఆదివారం మార్కెట్ యార్డు షెడ్డులో రైతు సదస్సు అని పెట్టారు. డబ్బు మిల్లుది. పెద్దసారు నన్ను పిలిచి, "వెళ్లి వెనక కూర్చో. ఏం జరిగిందో రాసుకురా. నోరు మాత్రం విప్పకు," అన్నారు. వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. షెడ్డు నిండా రైతులు. ఒక పక్కగా ఆడవాళ్లు. పగలు షిఫ్టు లేని మిల్లు పిల్లలు కొందరు వచ్చారు. వాళ్లలో పొడుగుపిల్ల ఉంది.

యజమాని చక్కగా మాట్లాడాడు. తను ఎలా ఎదిగాడో చెప్పాడు. రైతు బిడ్డనే అన్నాడు. తర్వాత ఒక రైతును మైకు దగ్గరికి పిలిచారు. బక్కపల్చటి మనిషి, నెరిసిన మీసం, భుజం మీద కండువా. నరసరావుపేట వైపు రోడ్డు మీద ఉన్న ఒక ఊరి నుంచి వచ్చాడు. ఊళ్లో ఆయన మాటకు విలువుందని, అందుకే ఎంచి పిలిచారని తర్వాత తెలిసింది.

"మన పత్తి కొనే దాత ఈయన," అన్నాడు ఆ రైతు. "పోయినేడు పత్తి తడిసి రంగు మారితే ఎవుడూ కొనలా. ఈయన కొన్నాడు. అది మర్చిపోతే మనుషులం కాదు. నా కూతురూ ఈ మిల్లులోనే చేస్తంది. అది కూడా ఈ యూనియన్‌లో తిరుగుతందంట. నా మాట వినటల్లా. ఇంట్లో కష్టమొస్తే చూడ్డానికి రానిది, ఊరోళ్ల కష్టాలు తీరుస్తదంట!"

జనం నవ్వారు. ఆడవాళ్ల వైపు నుంచి పొడుగుపిల్ల లేచి నిలబడింది. అప్పుడు గాని నాకు తెలియలేదు, ఆయన కూతురు ఆ పిల్లేనని.

"నాయనా, నేను రాలేదంటన్నావు. అమ్మకి ఆపరేషనైనప్పటి సంగతేనా?"

మైకు లేకపోయినా ఆ గొంతు షెడ్డు చివరి దాకా వినిపించింది. మిల్లులో మోత మీద మాట్లాడే అలవాటున్న గొంతు.

"అదే. మీ బాబాయిని పంపా గదా గేటుకాడికి. రానన్నావంటగా?"

"బాబాయి వచ్చినట్టు నాకెవరూ చెప్పలేదు నాయనా. గేటుకాడ వాచ్‌మెను ఎనక్కి పంపాడంట. అమ్మకి ఆపరేషనయ్యిందని నాకు తెలిసింది, అమ్మ ఇంటికొచ్చినాక. అప్పుడు ఏడ్చి గేటు తియ్యమంటే, ఆదివారం దాకా ఆగమన్నాడు కాంట్రాక్టరు. నువ్వేమో అప్పట్నుంచి నాతో మాట్లాడటం మానేశావు." ఆ పిల్ల ఒక అడుగు ముందుకేసింది. "మేం మిల్లు మూయమనటం లేదు. మిల్లు మూస్తే మాకు మాత్రం కూడెవడు పెడతాడు? గేటు తీయమంటన్నాం. అమ్మకి బాగాలేకపోతే కబురు చెప్పమంటన్నాం. చేసిన పనికి కార్మికులని పేరు పెట్టమంటన్నాం. ఇది అడగటానికే యూనియన్. ఇది తప్పైతే నువ్వే చెప్పు, ఇప్పుడే మానేస్తా."

ఆ రైతు కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. తర్వాత వేదిక దిగి, జనం మధ్యలోంచి నడిచి, కూతురు వైపు చూడకుండా బయటికి వెళ్లిపోయాడు. అది కోపమో, సిగ్గో, ఇంకేమిటో నాకు అంతుపట్టలేదు. ఆ పిల్లకూ అంతుపట్టలేదని మొహం చూస్తే తెలిసింది. సదస్సు ఏ తీర్మానమూ చేయకుండా పులిహోర పొట్లాలతో ముగిసింది.

ఆ తర్వాత హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది. నేను పెద్దసారు గదిలోనే ఉన్నాను. అవతల ఎవరో పైవాళ్లు. ఎన్నిక వాయిదా వేయమంటున్నారని పెద్దసారు మొహంలోనే తెలుస్తోంది. చెమటలు పట్టాయి. మాత్ర కోసం జేబు తడుముకున్నారు. ఇక అయిపోయిందనుకున్నాను.

"అలాగేనండీ," అన్నారు పెద్దసారు. "తప్పకుండానండీ. తమరు ఆ ముక్క రాతపూర్వకంగా పంపించండి. కారణం కూడా అందులో రాయండి. అందగానే వాయిదా వేసేస్తాను."

అవతల మళ్లీ ఏదో గట్టిగా అన్నారు.

"అయ్యో, మీ మాట మీద నమ్మకం లేక కాదండీ. కాగితం లేకుండా నేను టీ కూడా తాగనండీ. నా పద్ధతే అంత."

ఫోన్ పెట్టేసి నా వైపు చూశారు. "పంపరమ్మా," అన్నారు. "రాసే ధైర్యం ఉంటే ఫోన్ ఎందుకు చేస్తారు?" నిజంగానే ఆ కాగితం ఎప్పటికీ రాలేదు. ఆ రోజు నుంచి మా ఆఫీసులో ఆయన చీటీల మీద జోకులు ఆగిపోయాయి.

పోలింగు మిల్లులో పెట్టకూడదని, ఊళ్లో హైస్కూల్లో పెట్టాలని మేమంతా కలిసి నిర్ణయించాం. మిల్లులో అయితే భయపెడతారని. మంచి ఆలోచనే చేశామనుకున్నాం. హాస్టల్ పిల్లలు మిల్లు నుంచి ఊళ్లోకి ఎలా వస్తారన్నది మాత్రం ఎవరికీ తట్టలేదు. మిల్లే బస్సులు పెడతానంది. పెద్దమనసు చేసుకున్నారని మేమే మెచ్చుకుని, ఆ మాట కాగితం మీద కూడా పెట్టించుకున్నాం. మనం వేసిన పథకంలో చిల్లి ఎక్కడుందో అవతలివాడికే ముందు కనబడుతుందని ఆ రోజు నేర్చుకున్నాను.

గుర్తులు పంచాం. కాంట్రాక్టరు సంఘానికి గంట. పిల్లల సంఘానికి చాట.

పోలింగు రోజు పొద్దున్నే హైస్కూలు ఆవరణ తిరనాళ్లలా ఉంది. పల్లెల నుంచి సైకిళ్ల మీద వచ్చే మగవాళ్లూ ఊళ్లో ఉండే ఆడవాళ్లూ ముందు వచ్చి ఓటేశారు. ఎండ ఎక్కింది. హాస్టల్ పిల్లలు మాత్రం రావడం లేదు. మధ్యాహ్నమైనా బస్సులు లేవు. పర్సనెల్ మేనేజరును అడిగితే, "వస్తారండీ, దారిలో ఉన్నారు," అన్నాడు. పిల్లల సంఘం తరఫున ఏజెంటుగా పొద్దున్నే వచ్చి కూర్చున్న పొడుగుపిల్ల లేచి నా దగ్గరికి వచ్చింది. మొహం పాలిపోయింది.

"మేడమ్ గారూ, బస్సులు కోటప్పకొండ పోయినయ్యంటండీ. ఓట్లు వాయిదా పడినయ్యని చెప్పి, ఉచితంగా దైవదర్శనం అని, అందర్నీ ఎక్కించుకుని ఇప్పుడే పోయారంట. హాస్టల్ వంటామె వచ్చి చెప్పింది."

మా పెద్దసారు కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చున్నారు. పోలీసులకు చెప్పాం. "దేవుడి దగ్గరికి వెళ్లడం నేరం కాదు కదండీ మేడమ్," అన్నాడు ఎస్సై. అతని మాటా కొట్టిపారేయలేం.

పొడుగుపిల్ల ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నిలబడింది. తర్వాత, "కొండకి పోవాలంటే మా ఊరి మీంచే పోవాలండీ," అని ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతుకు పరిగెత్తింది. వాళ్ల ఊళ్లో ఎరువుల కొట్టుకు ఫోనుంది. వెనక్కి వచ్చాక అడిగాను: "దొరికాడా మీ నాయన?"

"దొరికాడండీ. అంతా విన్నాడు. 'ఊఁ' అని పెట్టేశాడు."

"అంతేనా?"

"సదస్సు తర్వాత ఆయన నాతో మాట్లాడిందదేనండీ," అంది. నవ్విందో ఏడ్చిందో చెప్పలేను.

తర్వాత ఆ ఊళ్లో ఏం జరిగిందో ఆ రైతే నాకు చెప్పాడు. ఫోన్ పెట్టేసి కొట్టులోంచి బయటికొచ్చేసరికి బస్సులు ఊరి మొదట్లోకి వచ్చేస్తున్నాయి. ఎరువుల కోసం వచ్చిన ట్రాక్టరు ఒకటి అక్కడే ఉంది. దాన్ని రోడ్డుకు అడ్డంగా పెట్టించాడు. బస్సులు ఆగాయి. డ్రైవర్లు తిట్టారు. ఆయన బస్సెక్కి లోపలి పిల్లలతో, "ఓట్లు వాయిదా పళ్లేదమ్మా. ఇయ్యాలే, ఇప్పుడే జరుగుతన్నయ్యి. కొండకి పోతారా, ఓటుకి పోతారా? మీ ఇష్టం. ఎవురూ బలవంతం చేయరు," అన్నాడట.

ఒకావిడ మొక్కుందని కొండకే వెళ్తానంది. ఆవిడతో ఇంకొందరు ఉండిపోయారు. మిగతావాళ్లందరూ దిగేశారు. బస్సులు వెనక్కి తిప్పం పొమ్మన్నారు డ్రైవర్లు. "తిప్పకండి," అన్నాడు ఆయన. ఊళ్లోకి కబురు పంపాడు. పత్తి వేసుకొచ్చే ట్రాక్టర్లు ఒక్కొక్కటే ట్రక్కులు తగిలించుకుని రోడ్డు మీదికొచ్చాయి. 'యూనియన్ వస్తే మన పత్తి గతేంటి' అని షెడ్డులో తలలూపిన రైతులే స్టీరింగుల ముందు కూర్చున్నారు.

ఇవేమీ మాకు తెలియవు. హైస్కూల్లో సాయంత్రం అవుతోంది. పోలింగు ముగిసే వేళ దగ్గరపడింది. కాంట్రాక్టరు చేతి గడియారం చూసుకుంటూ వరండాలో పచార్లు చేస్తున్నాడు. "ఇంకెవరూ రారండీ, పెట్టెలకి సీలు వేసేయండి," అని రెండుసార్లు అన్నాడు. పొడుగుపిల్ల గేటు దగ్గర, ఎండలో, కదలకుండా నిలబడింది.

మొదట ట్రాక్టర్ల మోత వినిపించింది. తర్వాత రోడ్డు మలుపులో ముందు ట్రాక్టరు కనబడింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి. ప్రతి ట్రక్కులోనూ ఆడపిల్లలు కిక్కిరిసి నిలబడి ఉన్నారు. దర్శనానికని కట్టుకున్న మంచి చీరలు, తలలో పూలు, దుమ్ము కొట్టుకుపోయిన మొహాలు. ఎవరో ఊళ్లో సంపాదించినట్టున్నారు, ఒక పిల్ల తలమీద చాట ఎత్తి పట్టుకుని కేకలు పెడుతోంది. బజారంతా తోవ ఇచ్చింది. సెలూన్లోంచి సగం గడ్డం గీయించుకున్న మనిషి సబ్బు నురగతోనే బయటికొచ్చి చప్పట్లు కొట్టాడు.

ముందు ట్రాక్టరు మీద ఆ రైతు ఉన్నాడు. గేటు దగ్గర దిగి, కూతురి ముందు నిలబడ్డాడు.

"ఏందే అట్టా చూస్తన్నావు? తీసుకొచ్చాగా. లోపలికి తీసుకుపో," అన్నాడు.

ఆ పిల్ల అక్కడే, అందరి ముందూ, వాళ్ల నాయన భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. ఆయన కండువాతో దాని మొహం తుడిచి, "ఓట్లయినాక ఏడుద్దువులే," అన్నాడు.

నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఎన్నికల అధికారిని కదా. కళ్లు తుడుచుకుని, ముందుకెళ్లి, ట్రక్కులో కేకలు పెట్టిన పిల్ల చేతిలోంచి చాట లాక్కున్నాను. పోలింగు ఆవరణలో గుర్తులు ఉండకూడదు. "బయట పెడతాను, వెళ్లేటప్పుడు తీసుకో," అన్నాను. ఆ సంబరంలో నేనొక్కదాన్నే చాట పట్టుకుని తెల్లమొహం వేసుకుని నిలబడ్డానని మా అటెండరు రిటైరయ్యేదాకా చెప్పి నవ్వేవాడు.

పిల్లలందరూ లోపలికి రాగానే పెద్దసారు స్వయంగా వెళ్లి గేటు వేయించారు. కాంట్రాక్టరు, "టైమైపోయింది, ఆపేయండి!" అని అరిచాడు. పెద్దసారు గొంతు పెంచడం నా సర్వీసులో అదొక్కసారే విన్నాను. "ముగిసే వేళకు ఆవరణలో ఉన్న ప్రతి ఒక్కరూ ఓటేస్తారు. రూలు అదీ. అభ్యంతరం ఉంటే రాసివ్వండి," అన్నారు. చీకటి పడేలోగా చివరి ఓటు పడింది.

మర్నాడు పొద్దున లెక్కపెట్టాం. చాట గుర్తు కాగితాలు ఒక దొంతర, గంట గుర్తువి ఒక దొంతర. కాసేపటికి లెక్కతో పనిలేకుండానే తెలిసిపోయింది. గంట దొంతర అరచేతి ఎత్తు కూడా లేవలేదు. కాంట్రాక్టరు మధ్యలోనే లేచి, కళ్లజోడు మర్చిపోయి వెళ్లిపోయాడు. బయట పిల్లలు రంగులు చల్లుకున్నారు. మా అటెండరు చొక్కా గులాబీ రంగుకు తిరిగింది, నా కొత్త చీర గతీ అంతే.

మిల్లు మూతపడలేదు. ఆ ఏడూ, ఆ తర్వాతా పత్తి కొంటూనే ఉంది. మొదట హాస్టల్ గేటు తాళం తీశారు. ఆ తర్వాత కాంట్రాక్టరును పంపేశారు. 'ట్రైనీ' అన్న మాట ఒక్కొక్కరి మీద నుంచీ తొలగిపోవడానికి కొంతకాలం పట్టింది గానీ, పోయింది. ఆ నలభై ఏళ్లావిడ పర్మనెంటు కాగితం అందుకున్న రోజు మిల్లంతటికీ మిఠాయి పంచింది. అన్నీ గెలిచామని చెప్పను. క్యాంటీను సాంబారు ఎన్ని ఒప్పందాలు కుదిరినా అలాగే ఉండేది.

నేను చెప్పాలనుకున్నది మొదటి చర్చల రోజు గురించి. గుర్తింపు వచ్చాక యజమాని గదిలో మొట్టమొదటి సమావేశం. నేను సాక్షిగా కూర్చున్నాను. బల్లకు ఆ పక్క యజమాని, మేనేజరు. ఈ పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లలు లోపలికొచ్చి, అలవాటుగా గోడవార నిలబడ్డారు. మేనేజరు తలెత్తలేదు. ఎవరూ కూర్చోమనలేదు. పొడుగుపిల్ల ఒక్క క్షణం చూసింది. తర్వాత ఒక కుర్చీ చప్పుడయ్యేలా లాగి, కూర్చుంది. మిగతావాళ్లకు సైగ చేసింది. వాళ్లూ కూర్చున్నారు.

యజమాని కాగితాల మీద నుంచి చూపు ఎత్తి, "ఏమ్మాయ్, ఏంటి నీ గోల? చెప్పు," అన్నాడు. మునుపటిలాగే, కోపం లేకుండా.

"చెప్పండి అనండి సార్," అంది ఆ పిల్ల. గొంతులో పొగరు లేదు. "బయట కనబడితే అమ్మాయ్ అనండి, మీరు పెద్దోళ్లు. ఇక్కడికి నేను సంఘం తరఫున వచ్చానండీ."

మేనేజరు కలం ఆగిపోయింది. యజమాని కాగితాలు పక్కన పెట్టాడు. ఏం ఆలోచించాడో తెలియదు. ఆయన కూడా ఒకప్పుడు పెద్ద షావుకార్ల బల్లల ముందు నిలబడే ఉంటాడు. కుర్చీలో సర్దుకుని, ముందుకు వంగి, రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు.

"చెప్పండి," అన్నాడు.